ఇంటి తాళానికి మారు చెవి

కొత్త తాళంతో పాటు కంపెనీ ఇచ్చే చెవులు సాధారణంగా రెండో మూడో. ఇంట్లో ఉండేవాళ్లు నలుగురైతే వాటిని పంచడం కుదరదు. కాలేజీకి వెళ్లే పిల్లకొకటి, రాత్రి డ్యూటీ చేసే పెద్దవాడికొకటి, ఊరెళ్లినప్పుడు మొక్కలకు నీళ్లు పోసే పక్కింటివాళ్లకొకటి కావాలి. అందుకే తాళం కొన్న కొద్ది రోజులకే ఎవరో ఒకరు వీధి చివర తాళాలు బాగుచేసే మనిషి దగ్గర నిలబడతారు. పది నిమిషాల్లో మారు చెవి చేతికొస్తుంది. కొన్ని మారు చెవులు ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేస్తాయి. మరికొన్ని మొదటి సాయంత్రమే మొరాయిస్తాయి. ఆ తేడా ఎక్కడ వస్తుందో తెలియాలంటే ముందు తాళం లోపల జరిగే పని తెలియాలి.

తెలుగు ఇళ్లలో వాడే తాళాలు లోపలి నిర్మాణాన్ని బట్టి ముఖ్యంగా రెండు జాతులు. మొదటిది లీవర్ తాళం. గేటుకు వేసే తాళంకప్ప, దుకాణం షట్టరు తాళం, పాతకాలపు ఇనప్పెట్టె తాళం ఎక్కువగా ఈ జాతివే. కప్ప లోపల పలుచని ఇత్తడి రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఆ రేకులే లీవర్లు. అట్టపెట్టె మీద 6 లీవర్లు, 7 లీవర్లు, 8 లీవర్లు అని రాసి ఉండేది వీటి సంఖ్యే. చెవి తిరుగుతున్నప్పుడు దాని ఒక్కో పన్ను ఒక్కో లీవరును లేపుతుంది. ప్రతి లీవరులోనూ ఒక సన్నని ఖాళీ ఉంటుంది. ఖాళీలన్నీ ఒకే వరుసలోకి వచ్చినప్పుడే గడియ కదిలి తాళం ఊడుతుంది. లీవరు తక్కువ లేచినా కదలదు, ఎక్కువ లేచినా కదలదు. ఈ రెండువైపుల కట్టడి ఉన్న తాళానికి 1778లో ఇంగ్లండులో రాబర్ట్ బారన్ పేటెంటు తీసుకున్నాడు. మన దేశంలో ఉత్తరాదిన అలీగఢ్, దక్షిణాదిన దిండిగల్ తాళాల తయారీకి పేరుపడ్డాయి. దిండిగల్ తాళాలకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆర్దెషిర్ గోద్రెజ్ 1897లో బొంబాయిలో మొదలుపెట్టిన వ్యాపారం కూడా తాళాల తయారీయే. బీరువాలు, ఫ్రిజ్‌లు ఆ తర్వాత వచ్చాయి.

రెండో జాతి పిన్నుల తాళం. ఫ్లాట్ల ముఖద్వారాలకు బిగించే నైట్ లాచ్‌లు, హ్యాండిల్ కింద చెవిరంధ్రం ఉండే తాళాలు చాలావరకు ఇవే. దీనిలో ఒక గుండ్రటి సిలిండరు ఉంటుంది. దాని లోపల చిన్న పిన్నులు జతలు జతలుగా, పైన స్ప్రింగులతో నిలబడి ఉంటాయి. మామూలు తాళంలో ఐదారు జతలుంటాయి. చెవి లోపలికి పోగానే దాని గాట్లు పిన్నులను వేర్వేరు ఎత్తులకు లేపుతాయి. ప్రతి జతలోనూ రెండు పిన్నులు కలిసే చోటు సిలిండరు అంచుకు సమంగా వస్తే సిలిండరు తిరుగుతుంది. ఒక్క జత పైకో కిందకో ఉండిపోయినా తిరగదు. ఈ ఉపాయం ప్రాచీన ఈజిప్టులో కొయ్య తాళాల్లోనే ఉంది. 1848లో అమెరికాలో లైనస్ యేల్ దానిని లోహంలోకి తెచ్చాడు. 1860లలో అదే పేరున్న ఆయన కొడుకు చెవిని పలుచగా, అంచున రంపపు పళ్లతో, జేబులో ఇమిడేలా మార్చాడు. ఈనాటి తలుపు చెవికి ఆకారం అప్పుడే కుదిరింది.

బజారులో కంప్యూటర్ తాళం అనేది కూడా ఈ జాతిదే. అందులో కంప్యూటర్ ఏమీ లేదు. పళ్లకు బదులు చెవి చదును ముఖాల మీద చిన్న చిన్న గుంటలుంటాయి. వాటిని యంత్రంతోనే తొలవాలి.

మారు చెవికి ఎంత కచ్చితత్వం కావాలో ఇక లెక్క వేయవచ్చు. పిన్నుల తాళంలో ఒక గాటు లోతుకూ దాని తర్వాతి మెట్టు లోతుకూ తేడా సుమారు అర మిల్లీమీటరు. కొన్ని కంపెనీలవి ఇంకా సన్నం. అంటే ఒక మిల్లీమీటరులో పదో వంతు తప్పు జరిగినా తాళానికి అది తెలుస్తుంది. రెండు వంతులు తప్పితే మంచి తాళం చెవిని ఒప్పుకోదు. ఇక్కడ ‘మంచి తాళం’ అనడంలో ఒక మెలిక ఉంది. నాసిరకం తాళాల్లో పిన్నులూ వాటి రంధ్రాలూ వదులుగా ఉంటాయి కనుక అవి కాస్త తప్పు చెవికీ తెరుచుకుంటాయి. ఏ మారు చెవి వేసినా వెంటనే తిరిగిపోయే తాళాన్ని చూసి సంతోషించాల్సిన పని లేదు. అలాంటి తాళం ఒక్కోసారి పక్కింటి చెవికి కూడా లొంగుతుంది.

మారు చెవి బాగోగులు మొదట ఆధారపడేది దేన్ని చూసి కోశారన్న దాని మీద. చెవి కోసే యంత్రంలో రెండు చిన్న వైసులు పక్కపక్కన ఉంటాయి. ఒకదానిలో అసలు చెవి, మరొకదానిలో గాట్లు లేని ఖాళీ చెవి బిగిస్తారు. ఖాళీ చెవిని దుకాణదార్లు బ్లాంక్ అంటారు. అసలు చెవి అంచు వెంట ఒక గైడు నడుస్తుంటే, అదే కదలికతో పక్కన తిరిగే కట్టరు బ్లాంకును కోస్తుంది. గైడు తాకిన గీతే కట్టరుకు ఆధారం. అసలు చెవి పళ్లు అరిగి ఉంటే ఆ అరుగుదల కూడా మారు చెవిలోకి దిగుతుంది. అరిగిన పన్ను అరగక ముందు ఎంత ఎత్తుండేదో యంత్రానికి తెలియదు.

దీనికి తోడు ప్రతి కోతలోనూ యంత్రం తన వంతు తప్పు ఎంతో కొంత కలుపుతుంది. మొదటి మారు చెవిలో మిల్లీమీటరులో పదో వంతు తేడా వచ్చిందనుకుంటే, దాన్ని చూసి తీసిన రెండో చెవిలో తేడా రెట్టింపయ్యే అవకాశం ఉంది. మూడో తరానికి అది దాదాపు సగం మెట్టు దాటుతుంది. అప్పుడు చెవి లోపలికి పోతుంది, తిరగదు. లేదా కాస్త బయటికి లాగి, పైకి ఎత్తిపట్టి, ఊపితే తిరుగుతుంది. చాలా ఇళ్లలో ఆ కిటుకు ఒకరికే తెలుసు, మిగతావాళ్లు గుమ్మం బయట నిలబడి ఫోను చేస్తారు. తప్పు అక్కడ తాళానిది కాదు, చెవి వంశావళిది. అందుకే తాళం కొన్నరోజే కంపెనీ చెవుల్లో ఒకదాన్ని వాడకుండా పక్కన పెట్టడం మంచి పద్ధతి. ఎప్పుడు మారు చెవి కావాలన్నా దాన్నే తీసుకెళ్లాలి, పని కాగానే మళ్లీ పెట్టెలోకి చేర్చాలి. గుత్తిలో రోజూ తిరిగే చెవిని దుకాణానికి తీసుకెళ్లడం మన ఇళ్లలో అందరూ చేసే పనే. సగం మారు చెవులు చెడేది అక్కడే అనడం అతిశయోక్తి కాదు.

రెండో సంగతి బ్లాంకు. తాళాల దుకాణంలో గోడకు కొట్టిన చెక్క మీద మేకులకు వేలాడే బ్లాంకులు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. నిజానికి ఒక్కోదాని పక్కల మీద నిలువునా ఉండే గాడులు వేరు, మందం వేరు, పొడవు వేరు. ఆ గాడులు తాళం చెవిరంధ్రంలోని గట్లకు సరిపోవాలి. పనితెలిసినవాడు అసలు చెవిని కొసవైపు నుంచి చూసి, నాలుగైదు బ్లాంకులు పక్కన పెట్టి పోల్చి, ఒకటి ఎంచుతాడు. సరైనది దొరక్కపోతే దగ్గరగా ఉన్నదాన్ని ఆకురాయితో రాసి సన్నం చేసేవాళ్లూ ఉన్నారు. అలా సన్నమైన చెవి రంధ్రంలో అటూ ఇటూ ఊగుతుంది. ఊగే చెవి పిన్నులను ఒక్కోసారి ఒక్కో ఎత్తుకు లేపుతుంది. పొద్దున తిరిగి రాత్రి తిరగని చెవులు ఇలాంటివే. తన దగ్గర సరైన బ్లాంకు లేదని చెప్పి ఇంకో దుకాణానికి పంపే మనిషి నమ్మదగినవాడు. హైదరాబాదులో రాణీగంజ్, బేగంబజార్ వంటి హార్డ్‌వేర్ బజార్లలో వెతికితే వీధిలో దొరకని బ్లాంకు కూడా దొరుకుతుంది.

బ్లాంకు ఏ లోహమన్నదీ చూడాలి. ఇత్తడి మెత్తగా కోతకు వస్తుంది, తుప్పు పట్టదు, తాళం లోపలి ఇత్తడి భాగాలతో పొత్తుగా ఉంటుంది. రోజుకు పదిసార్లు వాడితే మాత్రం అది నెమ్మదిగా అరుగుతుంది. నికెల్ సిల్వర్ అనే మిశ్రమం ఇత్తడి కన్నా గట్టిది. దాని పేరులో వెండి ఉన్నా లోహంలో లేదు, ఉన్నవి రాగి, జింకు, నికెల్. పూత పూసిన ఇనుప చెవి తేలిగ్గా విరగదు గానీ పూత పోయాక తుప్పు పడుతుంది, పిన్నులను అరగదీస్తుంది. అన్నిటికన్నా చెడ్డవి చేతిలో బరువే తెలియని తేలిక లోహపు చెవులు. అవి రంధ్రంలోనే విరిగిపోతే చెవి ఖర్చు కన్నా ముక్క తీయించే ఖర్చే ఎక్కువవుతుంది. ఇత్తడికి, నికెల్ సిల్వర్‌కు అయస్కాంతం అంటుకోదు, ఇనుముకు అంటుకుంటుంది. అనుమానం వస్తే ఈ పరీక్ష చాలు.

యంత్రం విషయానికొస్తే, దాని మెరుపు కన్నా దాని మీద పనిచేసే చేయి ముఖ్యం. చెవి తలకూ కాడకూ మధ్య ఒక చిన్న మెట్టు ఉంటుంది. చెవి తాళంలో ఎంత లోతుకు వెళ్లి ఆగాలో ఆ మెట్టే చెబుతుంది. రెండు చెవులనూ వైసుల్లో బిగించేటప్పుడు మెట్లు రెండూ ఒకే గీతలో ఉండాలి. ఒకటి వెంట్రుకవాసి ముందుకు జరిగినా గాట్లన్నీ వరుసగా పక్కకు పోతాయి. అప్పుడు లోతులు కచ్చితంగా ఉన్నా చెవి పనికిరాదు. వైసులో ఇరుక్కున్న ఇత్తడి పొట్టును ఊదకుండా, తుడవకుండా తర్వాతి చెవి బిగించే తొందరపాటు కూడా ఇదే పని చేస్తుంది. కోత అయ్యాక అంచున కంటికి సరిగా కనబడని గరుకు మిగులుతుంది. దాన్ని తీగల బ్రష్షుతోనో సన్నని ఆకురాయితోనో తీసేయాలి. తీయకపోతే అది తాళంలో పొడిగా రాలి పిన్నుల మధ్య చేరుతుంది.

రోడ్డు పక్క గొడుగు కింద, సైకిలు మీద పెద్ద కడియానికి వందల చెవులు గుచ్చుకుని కూర్చునేవాళ్లలో చాలామందికి యంత్రం ఉండదు. ఒక వైసు, రెండు మూడు ఆకురాళ్లు, చిన్న సుత్తి, అంతే. ఈ పనిలో తరతరాలుగా ఉన్నవాళ్లలో సిక్లీగర్ సిక్కులున్నారు. కత్తులకు సానపట్టి మెరుగుపెట్టడం వాళ్ల పూర్వపు వృత్తి. హైదరాబాదుతో సహా దక్కను పట్టణాల్లో ఆ కుటుంబాలు స్థిరపడ్డాయి. లీవర్ తాళం విషయంలో ఇలాంటి చేతిపనివాడు యంత్రం ఉన్న కుర్రవాడి కన్నా మెరుగు. అసలు చెవి పోయినా సరే, ఖాళీ చెవిని తాళంలో పెట్టి తిప్పి, దాని మీద పడిన సన్నని గుర్తులు చూసి, రాసి, మళ్లీ పెట్టి చూసి, చెవి తయారుచేయగలడు. అది గంట పట్టే ఓపిక పని. కంప్యూటర్ తాళం చెవికి మాత్రం ఆకురాయి పనికిరాదు. దానికి ఆ గుంటలు తొలిచే ప్రత్యేక యంత్రం ఉన్న దుకాణానికే వెళ్లాలి, ధర ఎక్కువైనా తప్పదు.

చెవి చేతికి రాగానే డబ్బిచ్చి వెళ్లిపోవడం సరికాదు. ముందు అసలు చెవినీ మారు చెవినీ వీపుకు వీపు ఆనించి వెలుతురులో చూడాలి. గాట్ల అంచులు రెండూ ఒకదాని మీద ఒకటి కలిసిపోవాలి. తాళంకప్ప అయితే దాన్నే దుకాణానికి తీసుకెళ్లి అక్కడే పది సార్లు వేసి తీయడం ఉత్తమం. తలుపు తాళం అయితే ఇంటికొచ్చి, తలుపు తెరిచి ఉండగానే పరీక్షించాలి. తలుపు మూసి పరీక్షించేటప్పుడు చెవి లోపల ఇరుక్కుంటే పని పెరుగుతుంది. చెవి ఎక్కడా పట్టకుండా లోపలికి పోవాలి, రెండు వేళ్ల బలంతో తిరగాలి, అంతే తేలికగా బయటికి రావాలి. రెండువైపులా చెవిరంధ్రం ఉన్న తలుపుకు రెండువైపులా చూడాలి. తిరగని చెవిని బలవంతంగా తిప్పకూడదు. అసలు చెవితో సహా దుకాణానికి తీసుకెళితే, ఎక్కువమంది రెండోసారి డబ్బు తీసుకోకుండానే సరిచేసిస్తారు. ‘వాడుతుంటే అదే సర్దుకుంటుంది’ అన్న మాట మాత్రం వినకూడదు. సర్దుకునేది చెవి ఒక్కటే కాదు, దానితోపాటు తాళం లోపలి పిన్నులూ అరుగుతాయి. ఆ తర్వాత అసలు చెవి కూడా వదులవుతుంది.

ఒక్కోసారి కొత్త చెవి మంచిదే అయినా తాళం మొరాయిస్తుంది. అసలు చెవి కూడా కష్టంగా తిరుగుతుంటే కారణం తాళంలోని దుమ్ము. ఆ సమయంలో మన ఇళ్లలో ముందుగా గుర్తొచ్చేది కొబ్బరినూనె. అది ఆ పూటకు పనిచేస్తుంది, ఆ తర్వాత దుమ్మును పట్టి జిడ్డుముద్దలా చేస్తుంది. చలికాలంలో గడ్డకడుతుంది కూడా. తాళానికి తగినది గ్రాఫైటు పొడి. అది దొరక్కపోతే మెత్తని పెన్సిలు ముల్లును చెవి గాట్ల మీద బాగా రుద్ది, నాలుగైదుసార్లు లోపలికీ బయటికీ ఆడిస్తే సరిపోతుంది. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి ఊళ్లలో గేటు తాళాలకు ఈ సంరక్షణ మరీ అవసరం.

ఇంతవరకూ చెప్పినది చెవి పనిచేయడం గురించి. అది ఇంకొకరి చేతికి చిక్కకుండా ఉండడం వేరే సంగతి. ఒకే చోట ఏళ్లుగా కూర్చుంటున్న, చుట్టుపక్కల దుకాణాలవాళ్లు ఎరిగిన మనిషి దగ్గరే చెవి తీయించడం మేలు. ‘చెవి ఇచ్చి వెళ్లండి, సాయంత్రం రండి’ అంటే ఒప్పుకోకుండా పక్కనే నిలబడి చేయించుకోవాలి. పేరు, ఇంటి నంబరు చెప్పనక్కర్లేదు. కోత తప్పి పక్కన పడేసిన చెవిని అడిగి తెచ్చుకోవాలి, లేదా అక్కడే రెండు ముక్కలు చేయించాలి. చెడిపోయిన చెవి అంటే చాలాసార్లు కాస్త రాస్తే పనిచేసే చెవి అని అర్థం. చెవిగుత్తికి ఫ్లాటు నంబరు రాసిన బిళ్ల తగిలించడం మరో చెడ్డ అలవాటు. గుత్తి పారేసుకున్న రోజున అది దొరికినవాడికి దారి చూపిస్తుంది.

చెవి ఫోటో కూడా చెవితో సమానమే. 2008లో అమెరికాలో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు కాఫీ బల్ల మీద ఉన్న చెవులను దాదాపు 60 మీటర్ల దూరంలోని మేడమీద నుంచి ఫోటో తీసి, దాని నుంచి గాట్ల లోతులు లెక్కగట్టి చూపారు. 2014లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక విమానాశ్రయాల్లో సామాను పెట్టెలు తెరిచే మాస్టర్ చెవుల ఫోటో వేసింది. మరుసటి ఏడాది దాన్ని చూసి త్రీడీ ప్రింటరుతో ఆ చెవులు తయారుచేశారు. కొత్త ఇంటి గృహప్రవేశం రోజున చెవిని చేతిలో పట్టుకుని తీసే ఫోటోలు ఇప్పుడు మామూలయ్యాయి. ఫోటోకు చెవి పళ్లు గుప్పిట్లో ఉండేలా పట్టుకుంటే చాలు. చెవి మీదో, దానితో వచ్చిన రేకు బిళ్ల మీదో చెక్కి ఉండే నంబరు సంగతీ ఇంతే. కొన్ని కంపెనీల్లో ఆ నంబరు ఉంటే చెవి లేకుండానే చెవి తయారవుతుంది.

బీరువా చెవి పోయినప్పుడు పనివాడిని ఇంటికి పిలవక తప్పదు. వచ్చినవాడు తాళం తెరిచిన తర్వాత పని ఆపించి, నగలూ డబ్బూ కాగితాలూ మరో గదిలోకి మార్చాకే చెవి తయారీ మొదలుపెట్టించాలి. మధ్యలో నూనె తెమ్మనీ, మంచినీళ్లు తెమ్మనీ అడిగితే ఇంకొకరు వెళ్లాలి గానీ గదిలో అతన్ని ఒంటరిగా వదలకూడదు. ఇంటింటికీ తిరుగుతూ బీరువా తాళాలు బాగుచేస్తామని అడిగేవాళ్లకు ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు తలుపు తీయకపోవడమే క్షేమం. తెలుగు రాష్ట్రాల పోలీసులు ఇలాంటి మోసాల గురించి చాలాసార్లు హెచ్చరించారు.

మారు చెవులు ఎన్ని తీయించారో, ఎవరి దగ్గర ఏది ఉందో ఇంట్లో ఒక చీటీ మీద రాసి ఉంచాలి. అదనపు చెవిని పూలకుండీ కింద, మీటరు బాక్సులో, చెప్పుల స్టాండు వెనక దాచడం దాచడం కాదు. వెతికేవాడు ముందు చూసేది ఆ మూడు చోట్లే. నమ్మకమైన పక్కింట్లో ఇవ్వడం దీనికన్నా మంచిది. తీయించే చెవుల సంఖ్య మీదే కట్టడి కావాలనుకునేవాళ్లకు వేరే రకం తాళాలున్నాయి. వాటితో కంపెనీ ఒక కార్డు ఇస్తుంది. ఆ కార్డు చూపనిదే అధీకృత దుకాణంలో మారు చెవి ఇవ్వరు. వీటిలో కొన్నింటి చెవి ఆకారానికి పేటెంటు ఉంటుంది కనుక దాని బ్లాంకులు బయటి బజారులోకి రావు. పేటెంటు గడువు 20 ఏళ్లు, అది తీరాక ఆ అడ్డు కూడా ఉండదు.

అద్దె ఇళ్లలో ఈ లెక్కలేవీ నిలవవు. పాత అద్దెదారు రెండు చెవులు తిరిగి ఇచ్చినా, ఆయన ఎన్ని తీయించాడో, వాటిలో ఎన్ని ఎవరి దగ్గర మిగిలాయో ఇంటి యజమాని చెప్పలేడు. చెవిగుత్తి పోయినా, పనిమనిషో డ్రైవరో మానేసి చెవి తిరిగి ఇవ్వకపోయినా పరిస్థితి అదే. అప్పుడు ఇంకో మారు చెవి తీయించడం దండగ. చాలా తలుపు తాళాల్లో మొత్తం తాళం మార్చనక్కర్లేదు, సిలిండరు ఒక్కటి మారిస్తే పాత చెవులన్నీ ఒకేసారి పనికిరాకుండా పోతాయి. హ్యాండిల్ తాళాల్లో దాన్ని పట్టి ఉంచేది తలుపు మందం వైపు కనిపించే ఒక పొడవాటి స్క్రూ. చెవిని కొద్దిగా తిప్పి పట్టుకుని ఆ స్క్రూ విప్పితే పాత సిలిండరు బయటికి వస్తుంది. అదే కొలత కొత్త సిలిండరు బిగించడానికి పనివాడికి పావుగంట చాలు.